గట్టివాడే పడిపోతే?

"గ్లేసియర్ మీద నడిచిన అనుభవం ఉందా తమ్ముడూ?"

"ఉందన్నా. రెండుసార్లు."

మా గుంపులోకి ఐదో మనిషి వచ్చిన రోజు జరిగిన సంభాషణ ఇంతే. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో మౌంట్ బేకర్ అనే కొండ ఉంది. ఎత్తు 3,286 మీటర్లు. హిమాలయాల పక్కన పెడితే చిన్నదే. కానీ మేం ఎంచుకున్న దారిలో శిబిరం దాటితే శిఖరం దాకా నడక మంచు మీదే, ఆ మంచు కింద పగుళ్లే. సియాటిల్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకునే తెలుగువాళ్లకు ఇలాంటి కొండలు శనివారం బయల్దేరి ఆదివారం ఇల్లు చేరే దూరంలో ఉంటాయి. మేం నలుగురం వాటికి అలవాటు పడ్డవాళ్లం. తమ్ముడు మా స్నేహితుడికి స్నేహితుడు. మారథాన్లు పరిగెత్తినవాడు, నెమ్మదస్తుడు. మాకు ఇంకేమీ అడగాలనిపించలేదు.

శిబిరం వేసుకున్న మధ్యాహ్నం అసలు సంగతి తెలిసింది. మేమంతా అన్న అని పిలిచే మా నాయకుడు తలా ఒక సన్న తాడు ముక్క ఇచ్చి, ప్రూసిక్ ముడి వేయమన్నాడు. లావు తాడు చుట్టూ సన్న తాడును మూడు చుట్లు తిప్పి వేసే ముడి అది. బరువు పడితే బిగుస్తుంది, బరువు తీస్తే జరుగుతుంది. పగులులో పడ్డవాడు తనంతట తాను పైకి రావాలన్నా, పైనున్నవాళ్లు అతన్ని లాగాలన్నా ఆ ముడే ఆధారం. తమ్ముడు గ్లవ్స్ తీశాడు. ఒక చుట్టు తిప్పాడు, రెండో చుట్టు తిప్పాడు, ఆగాడు. తల ఎత్తకుండా కళ్లు మాత్రం పక్కకు తిప్పి, నా వేళ్ల వైపు చూశాడు.

"రెండుసార్లూ గైడ్ వెనకే నడిచానన్నా. ముడులన్నీ వాళ్లే వేసి ఇచ్చేవాళ్లు" అన్నాడు.

అతను అబద్ధం చెప్పలేదు. గ్లేసియర్ మీద రెండుసార్లు నడిచాడు, అదే చెప్పాడు. లోపం మేమడిగిన ప్రశ్నలో ఉంది. కొండ ఎక్కబోయే గుంపు తన అనుభవాన్ని తాను ఎలా కొలుచుకోవాలి, ఆ కొలతలో ఎక్కడ మోసపోతుంది, ఎలా సరిదిద్దుకోవాలి అన్నదే ఈ అధ్యాయం.

తాడు కట్టుకుంటే ఏం మారుతుంది

పాఠ్యపుస్తకాల్లో హిమానీనదం అని చదువుకున్నదాన్నే కొండలెక్కేవాళ్లు గ్లేసియర్ అంటారు. పేరుకు తగ్గట్టే అది నది. కంటికి కనిపించనంత నెమ్మదిగా కిందికి కదులుతూనే ఉంటుంది. అడుగున నేల ఒక్కసారిగా వాలినచోట, దారి మలుపు తిరిగినచోట మంచు సాగలేక పగులుతుంది. ఆ పగుళ్లను క్రెవాస్‌లంటారు. పదుల మీటర్ల లోతు ఉంటాయి. చలికాలంలో కురిసిన మంచు వాటి నోళ్లను కప్పేసి పైన వంతెనలా నిలుస్తుంది. తెల్లవారుజామున ఆ వంతెన గడ్డకట్టి గట్టిగా ఉంటుంది. ఎండెక్కేకొద్దీ మెత్తబడుతుంది. పొద్దున మనిషిని మోసిన వంతెనే మధ్యాహ్నం మోయకపోవచ్చు. గ్లేసియర్ ఎక్కేవాళ్లు అర్ధరాత్రి దాటగానే తలదీపాలు పెట్టుకుని బయల్దేరేది అందుకే.

అందుకే తాడు కూడా. ఒకరు పడితే మిగిలినవాళ్లు తక్షణం మంచు మీద బోర్లా పడి, ఐస్ యాక్స్ మొనను దిగేసి, బూట్ల అడుగున కట్టుకున్న ఇనుప ముళ్లను, అంటే క్రాంపాన్లను, మంచులోకి తన్నిపెట్టి ఆపాలి. ఆపాక తాడును పట్టి ఉంచే ఆధారాన్ని, అంటే యాంకర్‌ను, మంచులో పాతాలి. బరువును దానిమీదికి మార్చాలి. తర్వాత పడ్డవాణ్ని పైకి లాగాలి. ఇవన్నీ చేయాల్సింది పడ్డవాడు కాదు. అందువల్ల బండ ఎక్కేటప్పుడు నా చేతుల బలం నన్ను కాపాడినట్టు గ్లేసియర్ మీద నా అనుభవం నన్ను కాపాడదు. నేను పడ్డ క్షణంలో నా ప్రాణం పది మీటర్ల వెనక నడుస్తున్నవాడి అనుభవం మీద ఆధారపడుతుంది. ఇక్కడ అనుభవమనేది మనిషిది కాదు, తాడుది.

ఇంకో సంగతి కూడా ముందే తెలుసుకోవాలి. కొండ మీది ప్రమాదాలు రెండు రకాలు. మొదటిది, నేర్పుతో తగ్గేది. పగులులో పడటం, జారటం, దారి తప్పటం ఇందులోకి వస్తాయి. రెండోది, నేర్పును లెక్కచేయనిది. పైన వేలాడే మంచు గోడ ఎప్పుడు విరిగిపడుతుందో ఎంత గొప్ప ఎక్కేవాడూ చెప్పలేడు. 1981 జూన్ 21న అదే వాషింగ్టన్ రాష్ట్రంలోని మౌంట్ రెయినియర్ మీద ఇంగ్రహామ్ గ్లేసియర్ దగ్గర మంచు గోడ కూలి 11 మంది చనిపోయారు. వాళ్లలో ఒకరు గైడ్, పది మంది గైడ్ల వెంట వచ్చినవాళ్లు. వాళ్లు చనిపోయింది అనుభవం లేకపోవటం వల్ల కాదు. 2022 జూలై 3న ఇటలీలోని మర్మోలాడా గ్లేసియర్ తెగిపడి మరో 11 మంది పోయారు. ఈ రెండో రకానికి మందు ఒక్కటే. ఆ చోటికి వెళ్లకపోవడం, వెళ్లక తప్పకపోతే అక్కడ గడిపే నిమిషాలను తగ్గించుకోవడం. ఆ పని కూడా గుంపు వేగం మీద, అంటే అందరికంటే నెమ్మదిగా నడిచేవాడి వేగం మీద ఆధారపడి ఉంటుంది. ఎటు తిరిగినా లెక్క గుంపు దగ్గరికే వస్తుంది.

ఒక్క వాక్యపు సిఫారసు

గుంపు తన అనుభవాన్ని తప్పుగా కొలుచుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఆల్ప్స్ చరిత్రలో 1865 జూలై 14ను మించిన రోజు లేదు.

ఎడ్వర్డ్ వింపర్ అనే ఇంగ్లీషు యువకుడు స్విట్జర్లాండ్, ఇటలీల సరిహద్దులోని మాటర్‌హార్న్‌ను ఎక్కాలని నాలుగేళ్లుగా ప్రయత్నిస్తున్నాడు. ఎత్తు 4,478 మీటర్లు. అప్పటిదాకా ఎవరూ ఎక్కని శిఖరం. ఆ జూలైలో ఇటలీ వైపు నుంచి కారెల్ అనే గైడ్ నాయకత్వంలో ఇంకో జట్టు బయల్దేరిందని తెలిసింది. వింపర్ హడావిడిగా స్విట్జర్లాండ్ వైపున్న జెర్మాట్ ఊరికి వచ్చాడు. దారిలో లార్డ్ ఫ్రాన్సిస్ డగ్లస్ కలిశాడు. వయసు 18. జెర్మాట్‌లో చార్లెస్ హడ్సన్ అనే మతగురువు, షమోనీకి చెందిన గొప్ప గైడ్ మిషెల్ క్రోజ్ అదే కొండ కోసం సిద్ధంగా కనిపించారు. రెండు జట్లెందుకు, ఒకటవుదాం అనుకున్నారు. హడ్సన్ వెంట డగ్లస్ హాడో అనే 19 ఏళ్ల కుర్రాడున్నాడు. ఇతనేం ఎక్కాడని వింపర్ అడిగాడు. మోం బ్లాంను చాలామంది కంటే తక్కువ సమయంలో ఎక్కాడని హడ్సన్ చెప్పాడు. తన కుర్రాడు సరిపోతాడని హామీ ఇచ్చాడు. హడ్సన్ ఆ కాలంలో ఆల్ప్స్ ఎక్కే ఔత్సాహికుల్లో మేటి. ఆయన మాటను కాదనేదెవరు?

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చూడండి. మోం బ్లాం మంచు కొండ. దాని మీద వేగంగా నడవటం ఊపిరికి, కాళ్లకు సంబంధించిన విషయం. మాటర్‌హార్న్ నిటారు బండల కొండ. దాని మీద నుంచి దిగటం కాలు ఎక్కడ పెట్టాలో తెలిసిన అలవాటుకు సంబంధించిన విషయం. విన్నది ఒక కొండ అనుభవం, ఎక్కబోయేది ఇంకో కొండ. వేగం గురించి చెప్పారు, దిగటం గురించి ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం 1:40కి శిఖరం చేరారు. పోటీ జట్టు ఇంకా కిందే ఉంది. ఆనందం పట్టలేకపోయారు. దిగేటప్పుడు ఏడుగురూ వరసగా తాడు కట్టుకున్నారు. ముందు క్రోజ్, ఆయన వెనక హాడో, తర్వాత హడ్సన్, డగ్లస్, పెద్ద టాగ్‌వాల్డర్, వింపర్, చివర చిన్న టాగ్‌వాల్డర్ (టాగ్‌వాల్డర్లిద్దరూ తండ్రీకొడుకులైన గైడ్లు). హాడోకు కాళ్లు కుదరటం లేదు. క్రోజ్ తన గొడ్డలిని పక్కన పెట్టి, కుర్రాడి పాదాలను ఒక్కొక్కటిగా పట్టుకుని రాతి మీద ఆనిస్తూ దింపుతున్నాడు. ఆ జట్టులో అందరికంటే గట్టి మనిషి రెండు చేతులూ అందరికంటే బలహీనుడి పాదాల దగ్గరే ఉండిపోయాయి. హాడో జారాడు. క్రోజ్‌కు తగిలాడు. ఆ బరువుకు హడ్సన్, డగ్లస్ కూడా పోయారు. డగ్లస్‌కూ పెద్ద టాగ్‌వాల్డర్‌కూ మధ్య తాడు తెగింది. వాళ్లు తెచ్చుకున్న తాళ్లలో అన్నింటికంటే బలహీనమైనది అదే. నలుగురూ సుమారు 1,200 మీటర్ల కింద గ్లేసియర్ మీద పడ్డారు. డగ్లస్ శరీరం ఈనాటికీ దొరకలేదు. తెగిన తాడు జెర్మాట్ మ్యూజియంలో ఉంది.

ఈ కథ చెప్పినప్పుడల్లా తాడు ఎందుకు తెగింది అనే ప్రశ్న వస్తుంది. నాకు మాత్రం తాడు తెగటానికి రెండు రోజుల ముందు, జెర్మాట్ హోటల్లో నడిచిన ఆ చిన్న సంభాషణ మీదే మనసు నిలుస్తుంది. మేం తమ్ముణ్ని అడిగిన ప్రశ్నకూ వింపర్ అడిగిన ప్రశ్నకూ తేడా లేదు. 19 ఏళ్ల కుర్రాడు, అంతమంది పెద్దల మధ్య, "నాకు బండ మీద దిగటం చేతకాదు" అని ఎలా చెప్పగలడు?

మొహమాటం అనే మంచు వంతెన

మన భాషలో మొహమాటం అనే మాట ఉంది. అడగాలనుకున్నది అడగలేకపోవటం, వద్దనాలనుకున్నప్పుడు వద్దనలేకపోవటం. పెళ్లి భోజనంలో దానివల్ల ఒక గారె ఎక్కువ తింటాం. గ్లేసియర్ మీద అది పగులును కప్పే వంతెనలాంటిది. పైకి నున్నగా ఉంటుంది, అడుగున ఏముందో చూడనివ్వదు.

మొహమాటం అడగనివ్వదు. "నీకు నిజంగా వచ్చా?" అని అడిగితే ఎదుటివాడు చిన్నబుచ్చుకుంటాడేమో అనుకుంటాం. అది చెప్పనివ్వదు కూడా. అన్నా అని పిలిచిన మనిషి ముందు నాకు భయంగా ఉందని చెప్పటం మనకు అలవాటు లేదు. ఆయన ఉంటే కొండంత అండ అని ఇంట్లో చెప్పి వస్తాం. కొండ మీద మాత్రం ఆ కొండంత అండే మన కళ్లకు అడ్డం వస్తుంది. నాయకుడు చూసుకుంటాడని అందరూ అనుకుంటారు. ఎవరూ ఏమీ అనటం లేదు కాబట్టి అంతా బాగుందని నాయకుడు అనుకుంటాడు.

ఇయన్ మెకామన్ అనే అమెరికన్ పరిశోధకుడు 2000ల తొలి ఏళ్లలో, మంచు చరియలు విరిగిపడి జరిగిన వందలాది ప్రమాదాలను పరిశీలించాడు. ప్రమాదం ముంచుకొస్తోందని చెప్పే గుర్తులు చాలాచోట్ల కళ్లెదుటే ఉన్నాయి. అయినా గుంపులు ముందుకే పోయాయి. ఎందుకు పోయాయో ఆయన ఆరు కారణాలుగా విడదీశాడు. వాటిని మన మాటల్లో చెప్పుకుంటే ఇలా ఉంటాయి: తెలిసిన చోటే కదా. నలుగురిలో మంచి అనిపించుకోవాలి. అనుకున్నాక వెనక్కి తగ్గకూడదు. తెలిసినవాడు ముందున్నాడు కదా. పక్క గుంపు వాళ్లూ వెళ్తున్నారు కదా. ఈ అవకాశం మళ్లీ రాదు. ఈ ఆరింటిలో ఒక్కటీ మంచు గురించి కాదు. ఆరూ మనుషుల గురించే. నలుగురితో నారాయణ అనటం ఊళ్లో మర్యాద కావచ్చు. గ్లేసియర్ మీద నలుగురూ ఒకే తాడుకు కట్టుకుని ఉన్నారని గుర్తుంచుకోవాలి.

ఇది కొత్త జబ్బు కాదు. 1820 ఆగస్టులో డాక్టర్ హామెల్ అనే పెద్దమనిషి షమోనీ గైడ్లతో మోం బ్లాం ఎక్కబోయాడు. వాతావరణం చెడింది, కొత్త మంచు పడింది. గైడ్లకు ఇష్టం లేకపోయినా డబ్బిచ్చే పెద్దమనిషి పట్టుదల వల్లే ముందుకు కదిలారని ఆ లోయలో చెప్పుకున్నారు. మంచు చరియ ముగ్గురు గైడ్లను పగులులోకి తోసేసింది. మరుసటి ఏడాది, 1821లో, షమోనీ గైడ్లు తమ సంఘం పెట్టుకున్నారు. పోయిన ముగ్గురి అవశేషాలను గ్లేసియర్ తనలోనే మోసుకుంటూ, 41 ఏళ్ల తర్వాత, 1861లో, కింద బోసోన్ గ్లేసియర్ కొస దగ్గర బయటపెట్టింది. కొండ మీద నోరు తెరవలేని గైడ్ ఎంత అనుభవజ్ఞుడైనా ఆ అనుభవం గుంపుకు అందదు.

కూడిక కాదు, తీసివేత

చాలా గుంపులు తమ అనుభవాన్ని కూడికతో లెక్కిస్తాయి. "మాలో ఒకాయన రెయినియర్ మూడుసార్లు ఎక్కాడు, ఇంకొకామె భువనగిరిలో రాక్ క్లైంబింగ్ నేర్చుకుంది, మిగిలిన ఇద్దరూ బాగా నడుస్తారు." ఇది వింటే గట్టి గుంపనిపిస్తుంది.

గ్లేసియర్ తీసివేతతో లెక్కిస్తుంది. దారి చూస్తూ ముందు నడిచేవాడే వంతెన మీద మొదటి అడుగు వేస్తాడు. ముందు నడిచేది సాధారణంగా గుంపులో గట్టివాడే. అంటే పడే అవకాశం అందరికంటే ఎక్కువున్నది అందరికంటే తెలిసినవాడికే. కాబట్టి గుంపు తనకు తాను వేసుకోవాల్సిన అసలు ప్రశ్న ఇది: మనలో గట్టివాడే పడిపోతే, మిగిలినవాళ్లం అతన్ని పైకి తీయగలమా?

పైన చెప్పిన గుంపు నుంచి మూడుసార్లు రెయినియర్ ఎక్కినాయన్ని తీసేయండి. మిగిలినవాళ్లలో యాంకర్ పాతడం ఎవరికి వచ్చు? భువనగిరి బండ మీద నేర్చుకున్నది మంచి విద్యే. తాడు, హార్నెస్, ముడులు అక్కడ అలవాటవుతాయి. కానీ బండలో నిలిచే మేకు మంచులో నిలవదు. మంచులో లాగే దిక్కుకు అడ్డంగా గాడి తవ్వి, ఐస్ యాక్స్‌ను అందులో పడుకోబెట్టి, పాతి, పైన తొక్కి గట్టిచేయాలి. చేసి చూసినవాడికే అది వస్తుంది.

లాగటం సంగతీ అంతే. మన ఊరి బావి గిలక లాగే దిక్కును మారుస్తుంది గానీ బరువును తగ్గించదు. గిలక బరువుతో పాటు కదిలేలా తాడును మడత పెడితేనే బరువు తగ్గుతుంది. గ్లేసియర్ మీద వేసే కప్పీ అమరికలో లెక్క ప్రకారం మూడో వంతు బలం చాలు. నిజంలో తాడు పగులు అంచును కోసుకుంటూ మంచులో కూరుకుపోతుంది. ఆ రాపిడి బలంలో చాలా భాగాన్ని తినేస్తుంది. అంచు మీద, తాడు కింద బ్యాక్‌ప్యాక్ గానీ, ఐస్ యాక్స్ కర్ర గానీ పెట్టాలని గుర్తుండాలి. ఇద్దరే ఉన్న తాడైతే, ఒకడు బోర్లా పడుకుని బరువును ఆపుతూనే ఒంటి చేత్తో యాంకర్ పాతాలి. అందుకే ఇద్దరి తాడు ఆరితేరినవాళ్లకే. ముగ్గురు మేలు. నలుగురు, ఐదుగురు ఇంకా మేలు.

తాడు కట్టుకున్నాం కాబట్టి భద్రం అనుకోవటం కూడా తప్పే. 2002 మే 30న ఓరెగాన్‌లోని మౌంట్ హుడ్ మీద, పై వాలులో యాంకర్ లేకుండా ఒకే తాడుకు కట్టుకుని ఉన్న నలుగురు జారారు. వాళ్ల తాడు కింద ఉన్న వేరే గుంపుల వాళ్లను కూడా లాక్కుపోయింది. మొత్తం తొమ్మిది మంది పెద్ద పగులులో పడ్డారు, ముగ్గురు చనిపోయారు. చదునైన గ్లేసియర్ మీద కాపాడే తాడే నిటారు గట్టి మంచు మీద, యాంకర్ లేకపోతే, ఒకరి జారుడును అందరికీ పంచుతుంది. ఎక్కడ కట్టుకోవాలో, ఎక్కడ యాంకర్ పాతాలో, ఎక్కడ తాడు విప్పేయాలో తెలియటం కూడా అనుభవమే.

అడగాల్సిన ఆరు ప్రశ్నలు

"అనుభవం ఉందా?" అని ఎప్పుడూ అడగకండి. దానికి అవును, కాదు తప్ప జవాబు లేదు. కాదు అనటానికి మొహమాటం అడ్డం. దాని బదులు వీటిని అడగండి.

1. చివరిసారి ఏ కొండ, ఏ నెలలో, ఏ దారిలో? జూన్‌లో నిండుగా మంచున్న దారి, ఆగస్టు చివర పగుళ్లు తెరుచుకున్న దారి ఒకటి కావు.

2. తాడులో నీ స్థానం ఎక్కడ? దారి ఎవరు చూశారు? తమ్ముణ్ని ఈ ఒక్కటి అడిగి ఉంటే సరిపోయేది.

3. నిజమైన మనిషి బరువును ఎప్పుడైనా పగులులోంచి లాగావా? సాధనలోనైనా సరే. ఎన్నాళ్లయింది? రెండేళ్ల కిందటి శిక్షణ వేళ్లలో మిగలదు.

4. ఎప్పుడైనా శిఖరం చేరకుండా వెనక్కి తిరిగావా? ఎందుకు? అన్నింటిలోకీ ఎక్కువ చెప్పే ప్రశ్న ఇదే. రెయినియర్‌కు ఏటా సుమారు పది వేల మంది వస్తారు, వాళ్లలో దాదాపు సగం మందే శిఖరం చేరతారు. చాలా కొండలెక్కి కూడా ఒక్కసారీ వెనక్కి తిరగనివాడికి తిరగాల్సిన ఘడియ ఇంకా ఎదురుకాలేదు, లేదా ఎదురైనా గుర్తుపట్టలేదు.

5. ఎత్తులో నీ ఒళ్లు ఏం చేస్తుంది? తలనొప్పా, వాంతులా, వేళ్లు మొద్దుబారతాయా? ఏ మందులు వాడుతున్నావు?

6. రేపు ఏం చూస్తే నువ్వు వద్దంటావు?

అడిగే పద్ధతి కూడా ముఖ్యమే. నాయకుడు ముందుగా తన జవాబులు చెప్పాలి. తాను ఎక్కడ పొరపాటు చేశాడో, ఎప్పుడు భయపడ్డాడో తానే మొదలుపెట్టాలి. పెద్దవాడు నోరు విప్పితే చిన్నవాళ్ల మొహమాటం కరుగుతుంది.

తర్వాత ఒక కాగితం తీసుకోండి. అడ్డ వరసల్లో పేర్లు రాయండి. నిలువు గడుల్లో ఆరు పనులు: జారితే ఆపుకోవటం, యాంకర్ పాతటం, కప్పీ అమర్చటం, పగులులోంచి తానే పైకి రావటం, మబ్బు కమ్మితే దారి కనిపెట్టటం, ప్రథమ చికిత్స. చెప్పినదానికి టిక్కు వద్దు, కళ్లతో చూసినదానికే టిక్కు. అన్నీ పూర్తయ్యాక గట్టివాడి పేరు మీద అడ్డగీత కొట్టండి. ఇప్పుడు ఏ నిలువు గడి ఖాళీగా కనిపించినా ఆ కొండకు మీ గుంపు ఇంకా సిద్ధం కాలేదు. సాధన చేయండి, లేదా గైడ్‌ను పెట్టుకోండి, లేదా చిన్న కొండ ఎంచుకోండి. మూడింటిలో ఏదీ అవమానం కాదు. 2014 మే 25న 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మన మాలావత్ పూర్ణ, ఆమెతో పాటు ఎక్కిన ఆనంద్ కుమార్ ఒక్క ఉదుటున అక్కడికి చేరలేదు. భువనగిరి బండలు, తర్వాత డార్జిలింగ్ శిక్షణ, తర్వాత లడఖ్ చలి, ఇలా మెట్టు మెట్టుకూ పిల్లల్ని చూసి, ఎంచి, చివరికి ఇద్దర్ని పంపారు. మాట మీద కాదు, చూసి పంపారు.

నోరు మూసుకునే పరీక్ష

మౌంట్ బేకర్ శిబిరానికి తిరిగి వస్తాను. తమ్ముడి చేతిలో ముడి ఆగిపోయాక అన్న కాసేపు ఏమీ అనలేదు. తాడు కట్టుకుని, పక్కనే ఉన్న మంచు దిబ్బ అవతలికి దిగి, కూర్చున్నాడు. "నేను పడ్డాను. ఇక మాట్లాడను" అన్నాడు. తాడు బిగుసుకుంది.

మేం నలుగురం మిగిలాం. మొదటి రెండు నిమిషాలు అందరం ఒకేసారి మాట్లాడాం. నేను గాడి తవ్వాను, లోతు చాలలేదు. బరువు పడగానే ఐస్ యాక్స్ చప్పుడు లేకుండా మంచులోంచి లేచి వచ్చింది. నిజంగా అయితే అక్కడితో అన్నా నేనూ ఇద్దరం పోయినట్టే. రెండోసారి మోచేతి లోతు తవ్వాం. కప్పీ అమర్చాం. లాగితే తాడు అంచులో కూరుకుపోయింది, అంచు మీద తాడు కింద ఏదైనా పెట్టాలని ఎవరికీ గుర్తురాలేదు. అన్నను పైకి తెచ్చేసరికి యాభై నిమిషాలు పట్టింది. ఆయన పెదాలు నీలంగా ఉన్నాయి. మంచు దులుపుకుని, "మళ్లీ" అన్నాడు.

ఆ సాయంత్రం ఐదుగురం వంతులవారీగా పడ్డాం. నాలుగోసారికి ఇరవై నిమిషాల్లోపు లాగగలిగాం. ఆ నాలుగోసారి ప్రూసిక్ వేసింది తమ్ముడు. మూడు చుట్లు, బిగించి, వదిలి, మళ్లీ బిగించి చూసుకున్నాడు. ఎవరి వేళ్ల వైపూ చూడలేదు.

మర్నాడు శిఖరానికి వెళ్లాలన్న ఆలోచన మానుకుని రోజంతా సాధనలోనే గడిపాం. మొదట రెండు తాళ్లు అనుకున్నదాన్ని మార్చి, ఐదుగురం ఒకే తాడు కట్టుకోవాలని, రెండో తాడును బ్యాగులో పెట్టుకోవాలని నిర్ణయించాం. తమ్ముడు మధ్యలో. ఎక్కేటప్పుడు చివర నడిచేవాడు దిగేటప్పుడు ముందుంటాడు కాబట్టి రెండు కొసల్లోనూ తెలిసినవాళ్లే ఉండాలి. ఇంకో మూడు మాటలు కాగితం మీద రాసుకున్నాం. ఉదయం 8 గంటలకు ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. ఐదుగురిలో ఏ ఒక్కరు వద్దన్నా తిరగాలి, అక్కడ నిలబడి వాదించకూడదు. ప్రతి విరామంలో ముందు మాట్లాడేది తమ్ముడు, చివర మాట్లాడేది అన్న. పెద్దవాడు ముందు చెబితే చిన్నవాడికి చెప్పటానికి ఇంకేమీ మిగలదు కదా.

ఈ ఏర్పాటు మీ గుంపుకూ పనికొస్తుంది. ఇంటి దగ్గర చల్లటి బుర్రతో రాసుకున్న గంటను కొండ మీద అలిసిపోయిన బుర్రతో మార్చకండి.

దిగలేనేమో అన్న మాట

ఆ తర్వాతి రాత్రి ఒంటిగంటకు బయల్దేరాం. ఆకాశం నిర్మలంగా ఉంది. క్రాంపాన్ల కింద మంచు కరకరలాడుతోంది. శిఖరం కిందున్న నిటారు వాలు దగ్గర విరామం తీసుకున్నాం. టైము 6 దాటింది. ఇంకా దాదాపు రెండు గంటల వెసులుబాటు ఉంది. పక్కనుంచి రెండు గుంపులు పైకి పోయాయి.

అన్న తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు కాసేపు తలొంచుకున్నాడు.

"ఎక్కగలనన్నా. కానీ ఈ వాలు దిగలేనేమో. కాళ్లు నేను పెట్టినచోట పడటం లేదు."

హాడో చెప్పలేకపోయిన మాట అదే. ఎవరూ ఎందుకని అడగలేదు. తాడు వరుస తిప్పుకుని, వచ్చిన అడుగుల మీదే దిగాం. వంతెనలు ఇంకా గట్టిగానే ఉన్నాయి.

కార్ల దగ్గర తాడు చుడుతున్నప్పుడు తమ్ముడు అన్న పక్కకు వచ్చి నిలబడ్డాడు. "నావల్లే కదన్నా తిరిగొచ్చాం" అన్నాడు.

"నీవల్లే" అన్నాడు అన్న, తాడు చుట్ట అతని చేతికిస్తూ. "అందుకే వచ్చే నెల కూడా నువ్వు రావాలి."